బోల్టు తెగాలా, మర పోవాలా?

విజయవాడ ఆటోనగర్‌లో బోల్టు ధర మీద బేరం సాగుతుంది, పొడవు మీద వాదన నడుస్తుంది, నెత్తి మీద ఉన్న అంకె గురించి కూడా అప్పుడప్పుడూ అడిగేవాళ్లుంటారు. నట్టు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. కొట్టువాడి చేతికి ఏది తగిలితే అది బోల్టుతోపాటు పొట్లంలో పడుతుంది. ఈ సంవాదం ఆ నట్టు మీదే. మాట్లాడుకునే ఇద్దరూ చుట్టాలు. మావయ్య లారీల మేస్త్రీ, టిప్పర్ల కింద పడుకుని ముప్పాతిక జీవితం గడిపినవాడు. అల్లుడు శ్రీసిటీలో వాహనాల విడిభాగాలు చేసేచోట నాణ్యత చూస్తాడు. తగువు ఒక టిప్పరు ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి దగ్గర మొదలైంది. ఒక నట్టు మర పోతే మావయ్య బోల్టూ నట్టూ రెండూ మార్చాడు.

మావయ్య: పాత బోల్టు నెత్తి మీద 10.9 ఉంది, నేను వేసినదాని మీదా 10.9 ఉంది. సైజూ అదే, పన్నెండు. ఇంకేం కావాల్రా నీకు?

అల్లుడు: బోల్టుకి నేను వంక పెట్టట్లేదు మావయ్యా. నట్టు మీద ఏముందో చూశావా?

మావయ్య: నట్టు మీద ఏముంటుంది? ఆరు పలకలుంటాయి.

అల్లుడు: అదే నా బాధ. నువ్వు విప్పి పారేసిన నట్టు మీద 10 అని అంకె ఉంది. కొత్తదాని మీద ఏమీ లేదు, బోడిది.

మావయ్య: మర సరిపోయింది, 1.75 పిచ్. చేత్తో తిప్పితే చివరిదాకా ఎక్కింది, పానా వేస్తే బిగిసింది. బరువు మోసేది బోల్టురా, నట్టు ఊరికే వెనక పట్టుకుని ఉంటుంది.

అల్లుడు: బోల్టు ఎంత లాగితే నట్టు అంత లాగాలి. బోల్టులో ఉన్న బిగువంతా ఆ నట్టు మరల్లోంచే పోతుంది, ఇంకో దారి లేదు. అంకెలు చెబుతా విను. 10.9లో ముందున్న 10 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 100 కిలోల దగ్గర తెగుతుందని. చుక్క తర్వాత 9 అంటే అందులో తొంభై శాతం దాటాక బోల్టు సాగి మళ్లీ వెనక్కి రాదని. 8.8 అయితే 80 కిలోలు, ఎనభై శాతం.

మావయ్య: ఇది నాకు తెలుసు. 4.6 అంటే ఎమ్మెస్ బోల్టు, 8.8 నుంచి హెచ్‌టీ బోల్టు. నట్టు సంగతి చెప్పు.

అల్లుడు: నట్టుకి చుక్క ఉండదు, ఒకటే అంకె. 5, 6, 8, 10, 12. 8 నంబరు నట్టు అంటే 8.8 దాకా ఏ బోల్టుకైనా సరిపోతుంది, ఆ బోల్టు తెగేదాకా నట్టు మర పోదు అని చేసినవాడి మాట. మన పన్నెండు సైజు లెక్క చూడు. 10.9 బోల్టు తెగాలంటే సుమారు 9 టన్నులు లాగాలి. 10 నంబరు నట్టు కూడా ఆ 9 టన్నుల దాకా మర చెడకుండా నిలబడేలా పరీక్ష పెట్టి చేస్తారు. 8 నంబరు నట్టుకి ఆ హామీ ఏడున్నర టన్నులు. 5 నంబరుకి ఐదు టన్నుల పైచిలుకు, అంతే.

మావయ్య: ఐదు టన్నులు తక్కువా? ఆ ఫ్లాంజికి ఒక్కో బోల్టు మీద ఐదు టన్నులు ఎక్కడ పడతాయి?

అల్లుడు: బండి కదలకముందే పడతాయి. నువ్వు పానాతో బిగించినప్పుడే. 10.9 బోల్టుని కంపెనీ పుస్తకం చెప్పినట్టు బిగిస్తే దానిలో పుట్టే బిగువే ఐదు టన్నులు దాటుతుంది. అంటే నువ్వు వేసిన బోడి నట్టు 5 నంబరుదే అనుకో, బిగింపు పూర్తయ్యేసరికే దాని ఓపిక అయిపోయింది. ఇంక లారీ, లోడు, గుంటలు అన్నీ దానికి అదనం.

(ఇక్కడ అల్లుడి లెక్క మీద నాకు పేచీ లేదు. కాకపోతే బోడి నట్టు 5 నంబరుదో కాదో అతనికీ తెలీదు, మావయ్యకీ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. గుర్తు లేని నట్టుతో ఉన్న చిక్కు అదే.)

మావయ్య: సరే, నీ మాటే నిజమనుకుందాం. నట్టు బోల్టు కంటే మెత్తన. అయితే ఏమైంది? పోతే నట్టు పోతుంది. నట్టు చవక, బోల్టు ఖరీదు. పైగా బోల్టు తెగితే సగం ముక్క లోపల ఇరుక్కుని డ్రిల్లు వేసి తీయాలి. నట్టు పోతే విప్పి కొత్తది వేస్తా. ఏది పోతే మంచిదో నువ్వే చెప్పు.

అల్లుడు: బోల్టు తెగడమే మంచిది.

మావయ్య: ఇంజినీర్లకి బుర్ర తిరగడం అంటే ఇదే.

అల్లుడు: ఎందుకో విను. అతిగా బిగిస్తే బోల్టు ఎప్పుడు తెగుతుంది? నీ చేతిలో, నీ కళ్లముందు. టప్పుమని శబ్దం వస్తుంది, తల చేతికొస్తుంది. నువ్వు తిట్టుకుని కొత్తది వేస్తావు. చెడ్డ బోల్టు బండిలో మిగలదు. మర పోవడం అలా కాదు. నట్టులో బరువంతా అన్ని మరలూ సమానంగా పంచుకోవు. మొదటి మర ఒక్కటే సుమారు మూడో వంతు మోస్తుంది, తర్వాతది కాస్త తక్కువ, చివరివి నామమాత్రం. మొదటిది వంగగానే బరువు రెండోదాని మీద పడుతుంది, అది వంగితే మూడోదాని మీద. శబ్దం లేదు. పానాకి కొంచెం మెత్తగా తగులుతుంది, అంతే. సగం చచ్చిన నట్టు పైకి చూస్తే బిగిసినట్టే కనిపిస్తుంది. అది మైలవరం దాటాక, బండి నిండా కంకర ఉన్నప్పుడు వదులుతుంది.

మావయ్య: ఆ మెత్తదనం నా చేతికి తెలుస్తుంది.

అల్లుడు: నీ చేతికి తెలుస్తుంది, ఒప్పుకుంటా. నీ దగ్గర పనిచేసే కుర్రాడి చేతికి?

మావయ్య: ... వాడికి పానా తిరిగితే చాలు, బిగిసినట్టే.

అల్లుడు: అందుకే నట్టుని బోల్టు కంటే గట్టిగా చేసే పద్ధతి పెట్టారు. కుర్రాడు పొరపాటు చేసినా ఆ పొరపాటు కనపడాలి. మన దేశంలో ఐఎస్ 1367 అనే ప్రమాణం ఇదే చెబుతుంది. బోల్టుకొక భాగం, నట్టుకొక భాగం.

మావయ్య: నీ 8 నంబరు నట్టు వేసుంటే? ఏడున్నర టన్నులన్నావు, బిగింపు ఐదే కదా.

అల్లుడు: పనిచేస్తుంది. చాలా బళ్లలో అలా నడుస్తూనే ఉంటుంది. అందుకే అది మరీ చెడ్డ అలవాటు. పానాకి పైపు తొడిగి కాస్త ఎక్కువ లాగిన రోజున బోల్టు తెగదు, మర పోతుంది, ఆ సంగతి ఎవరికీ తెలీదు. గుండీ గట్టిదే, కాజా చిరిగింది అన్నట్టు.

మావయ్య: అయితే నాకో మార్గం తోస్తోంది. ఈ తలనొప్పి లేకుండా అన్నిటికీ 12.9 వేసేస్తా. పెద్ద బోల్టు, పెద్ద నట్టు. ఎక్కడైనా బలం తక్కువైతే ప్రమాదం గానీ ఎక్కువైతే ఏం?

అల్లుడు: పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా మావయ్యా? మీ పక్కషెడ్డులో ట్రాక్టర్లు బాగుచేస్తారు కదా. రోటావేటర్ షాఫ్టు దగ్గర ఒక చిన్న బోల్టు ఉంటుంది. రాయి తగిలితే అది తెగాలి, గేర్‌బాక్సు మిగలాలి. దాని పనే తెగడం. దాని బదులు 12.9 వేశావనుకో, బోల్టు తెగదు, గేర్లు తెగుతాయి.

మావయ్య: అది వేరు. అది షేరు బోల్టు. దాన్ని పెంచకూడదని నాకూ తెలుసు. నేను అనేది ఛాసిస్ మీదవి.

అల్లుడు: ఛాసిస్ మీదే చెబుతా. ఉక్కుని ఎంత గట్టిపరిస్తే అంత పెళుసవుతుంది. జింకు పూత వేసేటప్పుడు యాసిడ్‌లో కడుగుతారు, కరెంటు పెట్టి పూత ఎక్కిస్తారు. ఆ రెండుచోట్లా హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. 8.8 దాన్ని తట్టుకుంటుంది. 12.9 తట్టుకోలేకపోవచ్చు. వెంటనే ఏమీ కాదు. బిగించిన కొన్ని గంటలకో, నాలుగు రోజులకో, ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడిపడుతుంది. అందుకే పూత వేశాక 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాలుస్తారు. నువ్వు కొట్టులో కొనే మెరిసే 12.9ని కాల్చారో లేదో ఎవరు చెబుతారు?

మావయ్య: ఇది పుస్తకాల్లో జరిగేదా, నిజంగా జరిగిందా?

అల్లుడు: అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ మధ్య బే బ్రిడ్జి కొత్త తూర్పు భాగం కట్టారు. అందులో 96 పెద్ద రాడ్లు, మూడంగుళాల మందం, జింకు పూతవి. ఇంచుమించు 10.9 బలం అనుకో. 2013 మార్చిలో వాటిని లాగి బిగించారు. కొద్ది రోజుల్లోనే 32 విరిగాయి. వంతెన మీద ఇంకా బండి కూడా నడవలేదు. బిగించకముందు కొన్నేళ్లు ఆ రాడ్లు ఉన్న గుంతల్లో నీళ్లు నిలిచాయి. గట్టి ఉక్కు, తడి, గట్టి బిగువు, మూడూ కలిశాయి. బలం ఎక్కువైతే ఏం అన్నావు కదా.

మావయ్య: వాళ్లంత డబ్బున్నవాళ్లకే అలా అయితే...

అల్లుడు: ఇంకోటి. 12.9 వేసి దాన్ని 8.8కి బిగించినంతే బిగిస్తే నీకు ఒరిగేదేమీ లేదు. రెండు పలకల్ని కలిపి పట్టేది బిగువు గానీ నెత్తి మీద అంకె కాదు. పన్నెండు సైజు 8.8కి పొడి మరతో సుమారు 90 న్యూటన్ మీటర్లు, 10.9కి 125 దాకా పోవచ్చు. నువ్వు టార్క్ రెంచి వాడవు కదా?

మావయ్య: ఉంది. గోడకి వేలాడుతోంది. ఇంజను హెడ్డుకి, బేరింగు క్యాపులకి తీస్తా. ప్రతి బోల్టుకీ అది పట్టుకు కూర్చుంటే రోజుకి రెండు బళ్లు కూడా బయటికి పోవు. పైగా మీ రెంచి మాత్రం నిజం చెబుతుందా? మరకి ఆయిలు రాసినప్పుడు ఒకలా, తుప్పు ఉన్నప్పుడు ఒకలా తిరుగుతుంది. అదే అంకె చూపిస్తుంది, బిగువు మాత్రం వేరు.

అల్లుడు: అది నిజం. నువ్వు ఇచ్చే టార్కులో పదో వంతే బోల్టుని లాగుతుంది. మిగిలిన తొంభై శాతం తల కిందా, మరల్లోనూ రాపిడికే ఖర్చు. ఆయిలు రాసి పొడిమరకి చెప్పిన అంకె వరకూ బిగిస్తే బోల్టు మూడో వంతు ఎక్కువ సాగుతుంది.

మావయ్య: చూశావా. మరి నా చేయి కంటే నీ రెంచి ఏం గొప్ప?

(అల్లుడు ఇక్కడ కాసేపు తడుముకున్నాడు. రెంచికి అలుపు రాదని, సాయంత్రం ఏడింటికి కూడా పొద్దున తొమ్మిదింటిలాగే లాగుతుందని అనొచ్చు. అతనికి తట్టలేదు.)

అల్లుడు: సరే, అది పక్కన పెట్టు. నేను అనేది ఒకటే. పాతది ఏ అంకె బోల్టో, ఏ అంకె నట్టో చూడు. అదే వెయ్యి. బోల్టులో పైకి పోకు, కిందికి పోకు.

మావయ్య: ఇప్పుడు దొరికావు. పాతది చూసి వెయ్యమంటావు. ఆ పాతది కంపెనీవాడు వేసిందని నీకెవరు చెప్పారు? ఈ టిప్పరు నా దగ్గరికి రాకముందు ఏ ఊళ్లో, ఏ షెడ్డులో పడుకుందో. నాకంటే ముందు ఇంకో మేస్త్రీ చేయి పెట్టుంటాడు. వాడు బోడి నట్టు వేసుంటే, దాన్ని చూసి నేనూ బోడిదే వెయ్యాలా?

అల్లుడు: ఒప్పుకుంటున్నా మావయ్యా. ఇది నిజంగానే పెద్ద మాట. నువ్వు చెప్పినట్టే ఒక విమానానికి జరిగింది. 1990 జూన్ 10, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లో మలగా వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం. గాల్లోకి లేచి పైకెళ్తుండగా పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. ఆయన నడుము దాకా బయటికి వెళ్లిపోతే సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు. కోపైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. ఆ పైలట్ బతికాడు.

మావయ్య: అద్దం ఎందుకు ఊడింది?

అల్లుడు: అంతకుముందే ఆ అద్దం మార్చారు. మార్చినాయన విప్పిన బోల్టుని చేతిలో పెట్టుకుని, కంటితో పోల్చి అలాంటివే ఏరుకొచ్చాడు. సరైన నంబరు ఏదో స్టోర్సు మనిషి చెప్పాడు కూడా. ఈయన కంటినే నమ్మాడు. మొత్తం 90 బోల్టుల్లో 84 సన్నవి, తేడా అర మిల్లీమీటరుకి కాస్త పైన. మిగిలిన ఆరూ పొట్టివి. తమాషా ఏంటంటే, ఆయన నమూనాగా పట్టుకున్న పాత బోల్టులే ఉండాల్సినవి కావు. అంతకుముందెప్పుడో పొట్టివి పడ్డాయి. అవి నిలిచాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మావయ్య: అదీ సంగతి. పాతది సాక్షి కాదు.

అల్లుడు: సాక్షే. కానీ ఒక్క సాక్షి చాలదు. పార్టుల పుస్తకం చూడాలి. అదీ లేకపోతే అదే ఫ్లాంజి మీద పక్కనున్న బోల్టులు చూడాలి. ఏడింటి మీద 10.9, 10 ఉండి ఒక్కదాని మీదే వేరుగా ఉంటే, తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది.

మావయ్య: అది చేస్తా. పుస్తకం మా షెడ్డులో ఎలుకలు కొట్టేశాయి గానీ పక్క బోల్టు చూడ్డానికి ఖర్చేముంది? మరి గుర్తులు? 10.9 అని అచ్చు కొట్టడం ఎవడికి రాదు?

అల్లుడు: అంకె పక్కన చేసినవాడి గుర్తు కూడా ఉండాలి. అంకె ఉండి, పేరు లేకపోతే తీసుకోకు. ఈ మోసం మనకొక్కరికే కాదు. అమెరికాలో 1980లలో తక్కువ రకం బోల్టులు ఎక్కువ గ్రేడు గుర్తుతో గుట్టలుగా దిగాయి. 1990లో దాని మీద ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

మావయ్య: ఆరు గీతల బోల్టులా?

అల్లుడు: వాటిలోనే. వాళ్ల పద్ధతిలో తల మీద మూడు గీతలుంటే గ్రేడు 5, ఆరుంటే గ్రేడు 8.

మావయ్య: అది మాకు తెలుసురా. పాత అమెరికన్ మిషన్లవి వస్తుంటాయి, సూతుల లెక్క బోల్టులు. మా కుర్రాడు ఒకడు గ్రేడు 8 అంటే 8.8 అనుకుని దాని బదులు పన్నెండు సైజు 8.8 వెయ్యబోయాడు. నాలుగు సూతుల మరలో పన్నెండు ఎక్కదు కాబట్టి బతికిపోయాం.

అల్లుడు: గ్రేడు 5 మన 8.8కి దగ్గర, గ్రేడు 8 మన 10.9కి దగ్గర. అంకె ఒకటే అని నమ్మితే ఒక మెట్టు దిగిపోతాం. నట్టులకి ఇంకో గుర్తుంది. కొన్నిటి మీద అంకె బదులు చుక్కా, గీతా ఉంటాయి. గడియారం అనుకో. చుక్క పన్నెండు దగ్గర. గీత ఎన్ని గంటల దగ్గర ఉంటే అది ఆ నంబరు నట్టు.

మావయ్య: అది డై గుర్తు అనుకున్నా ఇన్నాళ్లూ! గీత ఎనిమిది దగ్గరుంటే 8 నంబరా?

అల్లుడు: అంతే. సన్న నట్లు జాగ్రత్త, చెక్‌నట్టుకి వాడే పల్చటివి. వాటి మీద 04, 05 అని సున్నాతో ఉంటుంది. వాటికి పూర్తి బరువు మోసే హామీ లేదు.

మావయ్య: భీమవరం వైపు చెరువులవాళ్లు వస్తారు. ఏరియేటర్లకి తుప్పు పట్టకూడదని బోల్టులన్నీ స్టీలువి వేసుకుంటారు. వాటి సంగతి?

అల్లుడు: ఎ2-70 అని ఉంటుంది చూడు. తెగడానికి 70 కిలోలు, కానీ 45 దగ్గరే సాగడం మొదలు. 8.8 తీసి దాన్ని వేస్తే తుప్పు ఆగుతుంది, బలం తగ్గుతుంది. ఏరియేటరుకి చాలు. లారీ ఫ్లాంజికి చాలదు. పైగా స్టీలు నట్టు స్టీలు బోల్టు మీద వేగంగా తిప్పితే పట్టేస్తుంది, ఇక కోసి తీయడమే. ఉప్పునీటి చెరువైతే ఎ2 కాదు, ఎ4 అడగాలి.

మావయ్య: గ్యాల్వనైజు వేసిన బోల్టులకి మామూలు నట్టు ఎక్కదు. ఆ నట్లు తెచ్చి మామూలు బోల్టుకి వేస్తే వదులుగా తిరుగుతుంది. మావాళ్లు "హాయిగా ఎక్కింది" అంటారు.

అల్లుడు: అలా హాయిగా ఎక్కిందంటే అనుమానించాలి. పూత మందం కోసం ఆ నట్టు మరని కాస్త పెద్దది కోస్తారు. పూత లేని బోల్టు మీద మర పూర్తిగా పట్టుకోదు. అంకె 10 ఉన్నా లాభం లేదు.

మావయ్య: సరే, నువ్వు చెప్పినవన్నీ గుర్తుంచుకోవడం కుర్రాళ్ల వల్ల కాదు. నాకు పనికొచ్చే మాట ఒకటి చెప్పు. నట్టు పై నంబరు వేస్తే తప్పుందా?

అల్లుడు: లేదు. 8.8 బోల్టుకి 10 నంబరు నట్టు నిక్షేపంగా వేసుకోవచ్చు. నట్టు పైకి పోవచ్చు, కిందికి పోకూడదు.

మావయ్య: అయితే 5, 6, 8 నంబర్లు కొనడమే మానేస్తా. పన్నెండు, పద్నాలుగు, పదహారు సైజుల్లో 10 నంబరే తెస్తా. రూపాయి, రెండు రూపాయలు ఎక్కువవుతుంది, అంతే కదా. కుర్రాడు కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టినా తప్పు నట్టు రాదు.

(కంపెనీల్లో ఎన్ని పట్టికలు గోడకి అంటించినా ఇంత పనికొచ్చే నిర్ణయం జరుగుతుందని నేననుకోను. తప్పుని కనిపెట్టడం నేర్పేకంటే తప్పు వస్తువుని షెడ్డులోంచి తీసేయడం మేస్త్రీ పద్ధతి. అల్లుడికి నచ్చింది కానీ ఊరుకోలేదు.)

అల్లుడు: మరి అలెన్ బోల్టులు? అవి ఎక్కువగా 12.9వి. వాటికి 12 నంబరు నట్టు కావాలి.

మావయ్య: అలెన్ బోల్టుకి నట్టు ఎక్కడ వేస్తారయ్యా? అది కేసింగులోకే కదా బిగించేది.

అల్లుడు: అక్కడ నట్టు పని ఆ కేసింగే చేస్తుంది. అది అల్యూమినియం అయితే నువ్వు ఇందాక వేసిన బోడి నట్టు కంటే మెత్తన.

మావయ్య: అందుకేనా గేర్‌బాక్సు కవర్ల మరలు అన్నిసార్లు పోతాయి?

అల్లుడు: అందుకే లోతు ఎక్కువ పెడతారు. ఉక్కులో బోల్టు మందమంత మర పట్టుకుంటే చాలు. అల్యూమినియంలో రెండింతలు ఉంటే మంచిది. చాలకపోతే మర లోపల ఉక్కు కాయిల్ వేయించాలి.

మావయ్య: కాయిల్ సంగతి నాకు చెప్పకు, నువ్వు పుట్టకముందే వేశా. రెండింతలు అంటే పన్నెండు బోల్టుకి ఇరవైనాలుగు మిల్లీమీటర్లు, కవరు మందం, వాషరు పోను. అంతేనా?

అల్లుడు: అంతే. అందుకే పొడవు తగ్గిన బోల్టు వేయకూడదు, అంకె సరిగ్గా ఉన్నా సరే.

మావయ్య: మావాళ్లు చేసేది అదే. పొట్టిది దొరికితే వాషరు తీసేసి బిగిస్తారు. ఈ లెక్క ఒక అట్టముక్క మీద రాసిపెట్టు, నట్ల డబ్బా మూతకి అంటిస్తా. ముందు ఆ ఫ్లాంజి కింద పడుకుని బోడి నట్టు విప్పు, పదిహేడూ పంతొమ్మిదీ స్పానర్లు రెండూ అక్కడే ఉన్నాయి.